కంట్రోల్ సాళ్లు

"ఇటు సగం సాళ్లకు మందు పెట్టినం. వీటికి చుక్క నీళ్లు కూడా పోయొద్దు. అటు సగం కంట్రోల్ సాళ్లు. సమజైందా అమ్మా?"

సోమమ్మ మిరప మొక్కల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"కంట్రోలా?"

"అవ్. కంట్రోల్."

"సరే సారూ. గదెంత పని," అంది.

నాకు ముచ్చటేసింది. కంట్రోల్ అంటే పోలిక కోసం ఏమీ పెట్టకుండా, పోయకుండా వదిలేసినవని కాలేజీలో డిగ్రీ పిల్లలకు వివరించడానికి పీరియడంతా చాలేది కాదు. టేకులపల్లి అడవి పక్కన, సోమమ్మ పత్తిచేను అంచున ఉన్న ఈ చిన్న మిరప చెక్కలో రెండు ముక్కల్లో తేలిపోయింది. పాఠం చెప్పడంలో నన్ను మించినవాడు లేడనుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటే.

ఇంతకీ నేను పెట్టిన మందు, మందు కాదు. ఆస్పార్టిక్ ఆమ్లం అని ఒక అమైనో ఆమ్లం ఉంది. మనం తినే పప్పులో కూడా ఉంటుంది. దాన్ని వేడి చేసి గొలుసులుగా కలిపి, ఆ గొలుసులను వలలా ముడేస్తే పంచదార పలుకుల్లాంటి పొడి వస్తుంది. నీళ్లు తగిలితే ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బి జెల్లు అవుతుంది. వేరు పక్కన పెడితే వాన నీళ్లు పట్టి ఉంచుకుని, మొక్కకు దాహమైనప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. పని అయ్యాక మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. చివరికి ఏమీ మిగలదు.

ఏమీ మిగలకపోవడం నా పరిశోధనకు కొత్త కాదు. మొదట చేసింది నీళ్లలో పూర్తిగా కరిగిపోయింది. తర్వాత చేసింది మాడిన హల్వాలా అతుక్కుంటే గిన్నెతో సహా పారేశాం. పిల్లల డైపర్లలో ఉండేదీ ఇలాంటి పొడేనని ఒక పెళ్లిలో నోరు జారాను. డాక్టరేట్ ఇంకా రాలేదు గానీ, అప్పటి నుంచి ఖమ్మంలో మా బంధువులందరికీ నేను డైపర్ల డాక్టర్ని. మా ఆవిడ మధులత ఫోన్‌లో కూడా నా నంబరు ఆ పేరుతోనే ఉంది.

ఈ మిరప చెక్కే నాకు ఆఖరి అవకాశం. మా గైడు వెంకటరామారావు గారు ఖరాఖండిగా చెప్పేశారు.

"చూడు వీరేందర్, పెట్టిన మొక్కకీ పెట్టని మొక్కకీ కంటికి కనపడే తేడా ఉండాలయ్యా. లేదంటే ప్రాజెక్టు మూసేద్దాం."

నాటిన కొత్తలో ఒక మంచి వాన పడింది. ఆ తర్వాత మబ్బు జాడ లేదు. సోమమ్మ బోరు కూడా ఎండిపోయింది. ఊరంతా ఆకాశాన్ని తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే లోలోపల సంబరపడ్డాను. పరీక్షకు ఇంతకంటే మంచి ఎండ దొరకదు. ఆ మాట పైకి అంటే తంతారని నోరు మూసుకున్నాను.

సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి మధ్యాహ్నానికి చేను చేరేవాణ్ణి. ఆకులు కొలిచేవాణ్ణి. భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. ఫొటోలు తీసేవాణ్ణి. అంత ఎండలోనూ మందు పెట్టిన మొక్కలు పచ్చగా ఉన్నాయి. ఎగిరి గంతేయాల్సిందే. కానీ కంట్రోల్ మొక్కలు అంతకంటే పచ్చగా ఉన్నాయి.

ఒకసారి వెళ్లేసరికి సోమమ్మ నడుం పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది.

"ఏమైందమ్మా?"

"నడుము గుంజుతుంది సారూ. నీ పని పాడుగాను, మస్తు కష్టం పెట్టినవు పో!" అని నవ్వింది.

అడవిపందులు రాకుండా కాపలా కాస్తోంది కదా, దాని గురించే అంటోందనుకున్నాను. మరుసటిసారి నొప్పుల మందు కొనుక్కెళ్లి ఇచ్చాను. నా అంత మంచి మనసు ఎవరికుంటుందని బస్సులో దారి పొడవునా మురిసిపోయాను.

గైడు గారు రానే వచ్చారు. కంట్రోల్ మొక్క ఆకు ఒకటి తుంచారు. మందు మొక్క ఆకు ఒకటి తుంచారు. రెండూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏమీ పెట్టని మొక్క ఈ ఎండలో ఇంత బాగుందంటే ఏంటర్థం? నీ జెల్లు మొక్కకి నీళ్లివ్వట్లేదయ్యా. దానికి దక్కాల్సిన నీళ్లు కూడా అదే తాగేస్తోంది."

"నా పోలికే వచ్చినట్టుంది సార్. తీసుకోవడమే గానీ ఇవ్వడం రాదు."

ఆయన నవ్వలేదు. నిజానికి నాకూ నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు దీన్నే నమ్ముకున్నాను. ఇంటికెళ్లి మధులతకు ఏం చెప్పాలో తెలియలేదు.

"ఇక్కడితో ఆపేద్దాం వీరేందర్," అంటూ ఆయన కారు వైపు నడిచారు.

సోమమ్మ నా దగ్గరకొచ్చింది.

"ఏమంటుండు పెద్దసారు?"

"మన మందు పనిచెయ్యలేదట అమ్మా. కంట్రోల్ సాళ్లే గెలిచినయ్."

సోమమ్మ ముఖం వెలిగిపోయింది. నేను ఓడిపోతే లోపల సంతోషించేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఇలా ఎదురుగా నిలబడి సంతోషించిన మనిషిని అదే చూడటం. కారు తలుపు మీద చెయ్యేసిన గైడు గారికి కూడా వినపడేంత గట్టిగా అంది:

"గెల్వయా మరి, నువ్వు కంట్రోల్ అని చెప్పినకాన్నుంచి, కంట్రోల్ దుకాన్ల బియ్యం మనిషికింత అని ఇచ్చినట్టే, ఊళ్లె బోరింగు కాడికెల్లి బిందెలు మోస్కొచ్చి రోజు పొద్దుగాల మొక్కకో చెంబు తప్పకుంట పోస్తున్న గద సారూ!"