ఒంటరి పింఛన్

"ఆ మాట ఇంకొక్కసారి నీ నోట్లెకెళ్లి వచ్చిందంటే మంచిగుండదు!" బాలవ్వ చేతిలోని చాటను విసురుగా నేలకేసింది. "నా కొడుకు బతికుండంగ నువ్వు ఒంటరిదానివెట్లైతవే?"

"బతికున్నడు, సరే. యాడున్నడో చెప్పు అత్తా, నేనే పోయి తోలుకొస్త." వినోద పొయ్యి ముందు నుంచి లేవలేదు. "దుబాయికెళ్లి ఫోన్ రాక ఏడాది దాటె. బీడీలు చేద్దామంటే ఆకు సరిగ్గ ఇస్తలేరు. పొల్లకు పాలు ఎప్పుడో బందయినయి. ఇంకెట్ల బతకాలె?"

పొద్దున పంచాయతీలో లెక్కలు రాసే కారోబారు ఆమెకు ఒక దారి చెప్పాడు. మొగుడు వదిలేసిన ఆడవాళ్లకు ఒంటరి మహిళల పింఛన్ వస్తుందట. అత్తమామల్లో ఒకరు వచ్చి, మా కొడుకు ఈమెను విడిచిపెట్టిండని సెక్రెటరీ ముందు చెబితే చాలట.

"చెప్పుతోని కొడ్త ఆ కారోబారును! దుబాయోని పెండ్లానికి పింఛనేందని ఊరంత నవ్వదా?"

"నవ్వెటోళ్లను ఇంత కూర పెట్టి నవ్వమను."

బాలవ్వ మంచంలో కూర్చున్న మొగుడి మీదికి తిరిగింది.

"ఏందయ్యా, బెల్లంకొట్టిన రాయి తీర్గ కూసున్నవ్? కోడలికి జర చెప్పరాదు?"

బాలమల్లు కిందికే చూస్తున్నాడు. కొడుకు సంగతి కనుక్కొస్తానని కరీంనగర్‌లో దుబాయి ఏజెంటు దగ్గరికి పోయి వచ్చిన కాడి నుంచి ఆయనకు మాటే తక్కువైంది. ఆ రోజు కూడా "ఏం తెల్వలే" అన్నాడు, అంతే.

"మామా, నువ్వన్న రా," వినోద మామ వైపు తిరిగింది. "ఆపతిల ఉన్నడేమో అని ఇన్నొద్దులు నేను గూడ పరేషానైన. ఇప్పుడు నాకు సమజైంది. అక్కడ ఎవర్తినో పెట్టుకున్నడు. మమ్ముల ఇడిసిపెట్టిండు."

గడపలో హోంవర్కు రాసుకుంటున్న కూతురు అలేఖ్య తలెత్తింది.

"బాపు నన్ను గూడ ఇడిసిపెట్టిండా అమ్మా?"

కుక్కర్ విజిల్ వేసింది. దాన్ని దించాలన్న సోయి కూడా వినోదకు లేదు.

బాలమల్లు లేచి వచ్చి మనుమరాలి తల మీద చెయ్యి పెట్టాడు.

"రేపు నీతోని పంచాయతీకి నేనొస్త బిడ్డా," అన్నాడు కోడలితో.

"ఏమయ్యో, నీకేమన్న తలకాయ ఉన్నదా? కన్నకొడుకు మీద..."

ఆయన ఆగమన్నట్టు బాలవ్వ వైపు చెయ్యెత్తాడు. ముగ్గురినీ ఒకసారి చూశాడు.

"నా కొడుకు ఎవర్నీ ఇడిసిపెట్టలే," అన్నాడు మెల్లగా. "వితంతు పింఛన్‌కు రాయిద్దాం."