అంచు తిరగేసి చూసిన మనిషి

“చెయ్యి తియ్ ముందు! అంచు మీద నుంచి చెయ్యి తియ్!”

మగ్గం గుంటలో నుంచే లక్ష్మప్ప అరిచాడు.

గడప దగ్గర నిలబడిన ముసలాయన ఉలిక్కిపడ్డాడు. దండెం మీది చీర అంచును తిరగేసి, బొటనవేలితో వెనకవైపు తడుముతున్నవాడు అలాగే ఆగిపోయాడు.

“ఊరికే చూస్తాండానప్పా. రుద్రాక్ష అంచు గదా?”

“యాడి నుంచి వచ్చినావు?”

“ఆదోని నుంచి.”

ఆదోని అనగానే లక్ష్మప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టి, పలక పారేసి గుంటలో కాళ్ళు పెట్టినవాడు లక్ష్మప్ప. లోకంలో ఆయన చూసిన మంచి తక్కువ. అంచు వెనక్కి తిప్పి చూసేవాళ్ళు రెండే రకాలని ఆయన నమ్మకం. ఒకరు నేతగాళ్ళు. ఇంకొకరు మరమగ్గాల ఏజెంట్లు.

ఈయన చేతులు మెత్తగా ఉన్నాయి. జేబులో పెన్ను ఉంది.

ఇంకేం, ఏజెంటే.

ఉగాదికి ముందు ఇలాగే ఒకడు వచ్చాడు. “బాగుందన్నా” అంటూ సెల్లులో ఫోటో తీసుకుని పోయాడు. నెల తిరక్కుండానే అదే అంచు మరమగ్గం మీద దిగి, ఆదోని అంగళ్ళలో వేలాడింది. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మూగబోయాయి. లక్ష్మప్ప వదల్లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి, అధికారుల వెంటపడి, ఆ దొంగ చీరలను మొన్ననే జప్తు చేయించాడు. అప్పటినుంచి ఆయన మీసం కాస్త పైకి లేచే ఉంది.

“సెల్లు తియ్. ఫోటో ఎన్ని తీసినావో చూస్తా.”

“నా కాడ సెల్లు లేదప్పా.”

“ఓహో, కండ్లతోనే దోచుకపోతావా? చట్టముంది, తెలుసునా నీకు?”

“ఏం చట్టం?”

ఆ అడిగిన తీరుకు లక్ష్మప్ప గుంటలోంచి పైకి లేచాడు.

“ఈ అంచు చేతి మగ్గం మీదనే నెయ్యల్ల. కరెంటు మగ్గం మీద నేస్తే నేరం. నేసినోడు జైలుకు, చీరలు సర్కారుకు. పార్లమెంటు చేసిన చట్టమిది. తమాషా అనుకుంటివా?”

ముసలాయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

“ఇంగోసారి చెప్పప్పా.”

“ఎందుకు? మీ వకీలుకు ఒప్పజెప్పనీకా?”

“లే, వినాలనిపిస్తాంది.”

ఎగతాళి అనుకున్నాడు లక్ష్మప్ప. అయినా ఈసారి వీధి చివరిదాకా వినబడేటట్టు చెప్పాడు. సొసైటీలో చదివించుకుని, పద్యంలా బట్టీ పట్టిన చట్టం అది.

“ఎవరు తెచ్చింటారప్పా ఈ చట్టం?” అడిగాడు ముసలాయన.

“ఎవరో పుణ్యాత్ముడు. మన ఎంపీలైతే కాదులే. మనోళ్ళు ఢిల్లీకి పోయేది కునుకు తీసేదానికి.”

ముసలాయన పగలబడి నవ్వాడు.

“నవ్వింది చాల్లే. నడువ్!”

“ఇన్ని నీళ్ళు తాగి పోతా.”

“ఆదోనిలో తాగుదువు, పో!”

ముసలాయన చీరను దాని మడత ప్రకారమే మడిచి, దండెం మీద వేసి, మెట్టు దిగాడు.

లోపలి నుంచి గౌరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఆయన వీపు మాత్రమే కనబడింది.

“ఏజెంటని ఎట్ల కనిపెడితివి నువ్వు?” అంది మొగుణ్ణి.

“అంచు తిరగేసి చూసినాడు. ఇంగేం కావల్ల?”

“ఆడ చూడు మరి.”

వీధిలో పక్కింటివాళ్ళు పడుగు నూలు బారుగా సాచి గంజి పెడుతున్నారు. బస్టాండుకు పోవాలంటే అవతలికి పోవాలి. బయటివాళ్ళు ఆ నూలు కింద వంగి, గబుక్కున దూరి పోతారు. నేసేవాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళు మాత్రం సాచిన పడుగును దాటరు, దాని కింద దూరరు.

ముసలాయన ఆ ఎండలో పడుగు కొసదాకా నడిచాడు. నూలు బిగించిన కొయ్యను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, చుట్టు తిరిగి అవతలికి పోయాడు.

“మన మనిషే,” అంది గౌరమ్మ.

లక్ష్మప్ప ఆమె చేతిలో చెంబు లాక్కుని, నీళ్ళు ఒలికిపోతుంటే బస్టాండుకు పరుగెత్తాడు.

ఆదోని బస్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం యూసుఫ్ సాబ్ ఫోన్ చేశాడు. ఆదోనిలో బట్టల అంగడి ఆయనది. దొంగ చీరల గొడవలో లక్ష్మప్ప పక్కన నిలబడి సాక్ష్యం చెప్పినవాడు.

“లక్ష్మప్పా, ఒక పెద్దాయన వచ్చినాడా నీ కాడికి? చీరలు జప్తు అయినాయని పేపర్లో చూసి వచ్చినాడు. నేనే నీ ఇల్లు చెప్తి.”

“వచ్చినాడు సాబ్. ఎవరాయప్ప?”

“మీ వీధిలో పుట్టినాయనే! పాత ఎంపీ చౌడప్ప. మా అబ్బాకు దోస్తు. మనం పిల్లోళ్ళం అప్పుడు. రోడ్డు తేలే, రైలు తేలే అని ఓడగొట్టి పంపించినారు. పార్లమెంటులో ఎప్పుడు లేచినా ఒకటే మాటంట, ఈ అంచులు చేతి మగ్గానికే ఉండల్లని. బిల్లు పెడితే పడిపోయినాది. నవ్వినారంట అందరూ. ఆయన ఓడి ఇంటికొచ్చినాక ఆ మాటలే చట్టమైనాయి. ఆయన పేరు ఎవరు తలుస్తారు?”

గడప మీద చెంబు, అడుగున రవ్వన్ని నీళ్ళతో, అలాగే ఉంది.

“యాడుండాడు సాబ్ ఇప్పుడు? నేను వస్తాండా.”

“ఇప్పుడే ఆయనుండే ఊరికి రైలెక్కించినా. దిగులు పడాకప్పా, గెలిచిన పొద్దు కూడా అంత సంతోషంగా లేడంట ఆయన.”

“నేను గెంటేస్తి గదా సాబ్!”

“అదే చెప్పుకొని మురిసిపోయినాడు: ‘ఢిల్లీలో గొంతు చించుకున్నా ఒక్కడూ వినలే సాబ్, ఈ పొద్దు మా వీధిలో ఒకడు నా చట్టాన్ని నాకే ఒప్పజెప్పి, దాంతోనే నన్ను గడప దించినాడు, ఇంగేం కావల్ల నాకు’ అని.”