చప్పుడు లేని ఫ్యాన్లు

కంప్యూటర్‌లో పెట్టిన కొత్త ఫ్యాన్లకి చివరి స్క్రూ బిగించి, ఆన్ చేశాడు భర్త. "చెవి ఆనించి విను. ఏమైనా వినిపిస్తోందా?"

"ఏమీ లేదండీ," అంది భార్య.

"మరి? మూడు నెలలు రివ్యూలన్నీ జల్లెడ పట్టి ఎంచిన ఫ్యాన్లు!"

ఆమె వంటింట్లోకి వెళ్లి, గొంతు పెంచకుండానే అడిగింది. "ఏమండీ, మా అమ్మకి రేపు కంటి ఆపరేషన్. తోడు వస్తారా?"

నాలుగేళ్లుగా ఆమె ఏం అడిగినా అతని జవాబు ఒకటే: "ఫ్యాన్ మోతలో వినపడలేదోయ్."

అతని చెయ్యి మెల్లగా మౌస్ మీదికి పాకింది. ఫ్యాన్ల వేగం పూర్తిగా పెంచేశాడు.

అవి గిర్రున తిరిగాయి. చిన్న చప్పుడైనా రాలేదు.

ఆమె గుమ్మంలోకొచ్చి, స్క్రీన్ మీద వంద శాతానికి చేరిన ఫ్యాన్ల వేగం చూసింది.

"భలే ఎంచారండీ! పొద్దున్న తొమ్మిదికి బయల్దేరాలి."