వెనక్కి కదలని బస్సు

హలో... నా గొంతు వినిపిస్తోందా అందరికీ? సరే, చేతిలో పని ఓ ఐదు నిమిషాలు పక్కన పెట్టి వినండి.

"రివర్స్ అన్న మాట ఇంకోసారి నోట్లోంచి వచ్చిందా, ఇక్కడే దింపేస్తా నిన్ను!" అని అరిచాడు కోచ్ త్రండాఫిర్.

"దిగాలంటే తలుపు తెరుచుకోవాలి కదా, మిస్టర్" అన్నాడు డ్రైవర్ గెలూ మెల్లగా. రుమేనియాలో కోచ్‌ని అందరూ అలాగే పిలుస్తారు.

గెలూ అన్నది నిజమే. షోయిమి ఫుట్‌బాల్ జట్టు బస్సు సందులో ఇరుక్కుపోయింది. కుడివైపు గోడకీ తలుపుకీ మధ్య అరచెయ్యి కూడా దూరదు. ఎడమవైపూ అంతే. ఎదురుగా తాళం వేసిన పాత డాచియా కారు. వెనక మాత్రం పెద్ద రోడ్డు దాకా ఖాళీ.

కానీ ఆటగాళ్లు లోపల ఉండగా బస్సు వెనక్కి కదిలితే ఆ రోజు ఓటమేనని అక్కడ చాలామంది కోచ్‌ల నమ్మకం. త్రండాఫిర్‌కి అది నమ్మకం కాదు, పిచ్చి. పాత డ్రైవర్ రెండు గజాలు వెనక్కి పోనిచ్చాడని హైవే మీదే దింపేశాడు. రివర్స్‌లో మోగే కుయ్ కుయ్ శబ్దం కూడా తన చెవిన పడకూడదని ఆ తీగ పీకించేశాడు.

ఈ సందులోకి వచ్చిందీ అందుకే. గెలూ స్టేడియం మలుపుని పది అడుగులు దాటేశాడు. ఆ పది అడుగులు వెనక్కి పోకుండా "ముందుకే పో, తర్వాత కుడి, మళ్లీ కుడి" అంటూ కోచే ఇందులోకి తోలించాడు.

ఐదింటికి ఆట. సీజన్‌లో ఆఖరిది. డ్రా చేసుకున్నా పెద్ద లీగ్‌లో నిలబడతారు. వెళ్లకపోతే మూడు-సున్నా ఓడినట్టు రాసేసి కింది లీగ్‌లోకి తోసేస్తారు. ఇప్పుడు నాలుగూ పది.

గెలూ తన పక్క చిన్న కిటికీ తీసి, ముందు అద్దంలోంచి పైకి చూశాడు. పై అంతస్తులో ఒక ముసలమ్మ పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ చూస్తోంది.

"అవ్వా, ఈ కారు ఎవరిది?"

"మా అల్లుడిది."

"కాస్త పిలువమ్మా, నీకు పుణ్యం ఉంటుంది!"

"తాళాలు జేబులో వేసుకుని మ్యాచ్‌కి పోయాడు నాయనా. మీరు ఓడిపోతుంటే కళ్లారా చూడాలని పొద్దున్నించీ ఒకటే గోల" అంటూ తొక్కలు సరిగ్గా బస్సు అద్దం మీదికి ఊసింది.

"ట్రాఫిక్ వాళ్లు రావడానికి గంట పడుతుందట" అన్నాడు మాలిష్ చేసే ఫానె, ఫోన్ పెట్టేస్తూ.

"వెనక అద్దం పగలగొట్టి దూకేద్దామా?" అన్నాడు కెప్టెన్ లుచియాన్.

"మ్యాచ్ రోజు అద్దం పగలగొడతావా, దరిద్రుడా!" అని కసిరాడు కోచ్.

నాలుగున్నర. లోపల గాలి లేదు. చెమటా, కాళ్లకు రాసుకునే మందూ కలిసిన వాసన. ఎవరో చొక్కా విప్పేశారు. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు.

లుచియాన్ సీటు మీదికి వంగి గెలూ చెవిలో అన్నాడు. "బాబాయ్, ఈ మోకాలితో కింది లీగ్‌లోకి పడిపోతే ఇంక నన్ను తీసుకునేవాడు లేడు. ఏదో ఒకటి చెయ్యి."

గెలూ గేరు రాడ్‌ వైపు చూశాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లలందరూ పోతారు. గొంతు సవరించుకున్నాడు.

"మిస్టర్, ఒక్క మాట. ఈ సీజన్‌లో నేను మూడుసార్లు రివర్స్ చేశాను. మీరు టోపీ మొహం మీద వేసుకుని నిద్రపోతున్నప్పుడు."

కోచ్ మొహం బీట్‌రూట్ అయింది.

"ఎప్పుడురా?"

"ఉప్పు గనుల ఊరు వెళ్లినప్పుడు. పెట్రోలు బంకులో, ఓ పది అడుగులు."

"ఆ రోజు ఒకటి-సున్నా. మనమే" అన్నాడు ఫానె.

"ఇంకా?"

"డాన్యూబ్ ఒడ్డున దారి తప్పినప్పుడు. వంద గజాలు ఉంటుంది."

"రెండు-సున్నా."

"ఇంకా ఉంటే చెప్పి ఏడువు!"

"మంచు పడ్డ రోజు, కొండ మీద. అర కిలోమీటరు."

"అర కిలోమీటరా!" కోచ్ గుండె పట్టుకున్నాడు.

"నాలుగు-సున్నా" అన్నాడు ఫానె, మూడో వేలు మడుస్తూ. "బయటి ఊళ్లలో ఈ సీజన్ మొత్తం మనం గెలిచినవి ఆ మూడే, మిస్టర్."

కోచ్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. మెడలో శిలువని ముద్దు పెట్టుకున్నాడు. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని, "తియ్" అన్నాడు.

గెలూ తీశాడు. బస్సు అంగుళాల తేడాతో గోడలు తప్పించుకుంటూ, ఒక్క గీత పడకుండా, వెనక్కి వెనక్కి జరిగి పెద్ద రోడ్డు మీద పడింది. తలుపు సందుల్లోంచి చల్లగాలి తగిలింది. ఆటగాళ్లు చప్పట్లు కొట్టారు. లుచియాన్ వచ్చి గెలూ బట్టతల మీద ముద్దు పెట్టాడు. నాలుగూ నలభై. స్టేడియం రెండు కిలోమీటర్లే.

బతికిపోయాం అనుకుని గెలూ మొదటి గేరు వెయ్యబోయాడు. ఆ చేతి మీద కోచ్ చెయ్యి గట్టిగా పడింది.

"ముందుకెందుకురా? స్టేడియం దాకా ఇలాగే పోనీ!"

అంతేనండీ. మీ వాళ్లలో స్టీరింగ్ పట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది వాళ్లకి పంపండి, బండి ఆపుకున్నాక వినమని చెప్పండి.