పర్యవేక్షణలో

దేశం కాని దేశంలో, టూవూంబా నగరానికి రెండు గంటల దూరంలోని ఒక చిన్న ఊరి క్లినిక్‌లో భానుశ్రీ ఫిజీషియన్ అసిస్టెంటు. చట్టప్రకారం ఆమె పనికి ఒక డాక్టరు బాధ్యత వహించాలి. ఆ డాక్టరు టూవూంబాలో ఉండే శ్రీపతి గారు.

ఆయన చెప్పినట్టే రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి, తను చూసిన ప్రతి పేషెంటు సంగతీ చెప్పేది. తన మీద నమ్మకం లేకనే ఇదంతా అనుకుని లోలోపల నొచ్చుకునేది.

ఒక రోజు ఆయన పర్యవేక్షణ తాలూకు ఒప్పంద పత్రం రెన్యూవల్‌కి వచ్చింది. మొదటిసారి పూర్తిగా చదివింది. వారానికి ఒక్క ఫోన్ చాలని రాసి ఉంది.

వెంటనే ఫోన్ చేసింది.

“సర్, రూల్ వీక్లీ వన్స్ మాత్రమే. నాతో రోజూ ఎందుకు చేయించారు? నా పనిలో ఏం తప్పు కనిపించింది?”



“నీ పనికేమమ్మా, బాగానే ఉంది. నువ్వు చేరిన నెలకే మా ఆవిడ పోయింది. ఆ తర్వాత ఇంట్లో తెలుగు మాట లేదు. అందుకే రోజూ చెయ్యాలని చెప్పాను. సారీ అమ్మా. ఇకనుంచి వారానికోసారే చెయ్యి.”

ఆయన ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ఐదింటికి భానుశ్రీ ఫోన్ చేసింది.

“పేషెంట్ల గురించి కాదు సర్. మధ్యాహ్నం ఏం తిన్నారు?”

“టోస్టు” అన్నారాయన.