అనుమతి లేకుండా

“ఏదీ, ఇంకోసారి చెప్పు” అన్నాడు వకీలు, కోర్టు వరండాలో ఒక మూలకు తీసుకెళ్లి.

“ఆ షెడ్డు... నేను...” అన్నాడు పరుపులు కుట్టే మనిషి.

“ఆక్రమించుకున్నాను! ఎవరూ ఇవ్వలేదు, ఎవర్నీ అడగలేదు. అందరూ చూస్తుండగా నాదే అనుకుని బతికాను, అని చెప్పు. అంతే. ఇన్నేళ్లూ దౌర్జన్యంగా ఉన్నావంటే చట్టం షెడ్డు నీదంటుంది. షెడ్డు యజమాని పెద్దాయన దయతలిచి ఉండమన్నాడని నోరు జారావో, వందేళ్లున్నా నీకు హక్కు రాదు. ఆయన కొడుకులు పొమ్మంటే పోవాల్సిందే.”

“దయతలిచారు గదండీ మరి?”

“ఆయన పోయాడు. దిగొచ్చి సాక్ష్యం చెప్పడు.”

“ఆయన భార్య, అమ్మగారున్నారు గదా.”

“ఆ నిజం చెప్పించడానికే కొడుకులు ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ముసలావిడ, అడ్డదిడ్డంగా అడిగితే తడబడుతుంది. ఆవిణ్ణి నాకొదిలెయ్. ముందు నీ వంతు.”

పొద్దున గడప దగ్గర భార్య కూడా ఇదే మాట అంది. “ఈ ఒక్కసారికీ కళ్లు మూసుకుని చెప్పెయ్యయ్యా. ఈ వయసులో పత్తిమూటలు నెత్తినెట్టుకుని ఎక్కడికి పోతాం?”

బోనెక్కాడు. ఎదురు బెంచీ మీద ఇద్దరు కొడుకుల మధ్య అమ్మగారు. ఒళ్లో చేతులు పెట్టుకుని అతన్నే చూస్తోంది. అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు.

కొడుకుల తరఫు వకీలు లేచాడు. “షెడ్డు తాళం నీకెవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదండి. నేనే పగలగొట్టాను.”

అతని వకీలు భేష్ అన్నట్టు తలాడించాడు.

“పగలగొడుతుంటే పెద్దాయన చూశాడా?”

“చూశారండి.”

“చూసి?”

“ఏమీ అనలేదు.”

“అంటే, సొంత పెరట్లో ఎవడో దూరి తాళం పగలగొడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాడన్నమాట. అంత చేతకాని దద్దమ్మా ఆయన?”

అమ్మగారు తల దించుకుంది. పరుపుల మనిషికి ఎక్కడో కలుక్కుమంది.

“ఆయన్ని అలా అనకండి!” అని అరిచాడు. “తడిసిన మూటతో వానలో గేటు దగ్గర నిలబడితే లోపలికి పిలిచింది ఆయనే. తాళంచెవి నా చేతిలో పెట్టి, ‘ఇక్కడే కుట్టుకోరా, నీకిష్టమైనన్నాళ్లు ఉండు’ అన్నారు. ఏనాడూ అద్దె అడగలేదు. అలాంటి మారాజుని పట్టుకుని...”

 అతని వకీలు నుదురు పట్టుకున్నాడు.

ఎదుటి వకీలు నవ్వాడు. “అనుమతితోనే ఉన్నానని వాది తన నోటితోనే ఒప్పుకున్నారు. ఇక మా సాక్షితో పనిలేదండి.”

లేవబోయిన తల్లిని పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

బయటికొచ్చాక వకీలు తిట్టనైనా తిట్టలేదు. “వేరే చోటు చూసుకో” అని, ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పరుపుల మనిషి మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కాకి అంటుకున్న దూది పీచుల్ని ఒక్కొక్కటే లాగుతూ, ఇంటికెళ్లి భార్యకేం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. ఏం చెప్పినా ఆవిడ అరవదు. మాట్లాడకుండా గిన్నెలు సర్దడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు వినే ధైర్యం లేదతనికి.

కొడుకులు కారు తేవడానికి వెళ్లారు. అమ్మగారు కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, అతని దగ్గర ఆగింది. అతను గబుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు.

“క్షమించండి అమ్మగారూ. ముందు అబద్ధమాడాను. మీరు ఎదురుగా ఉండి వింటుంటే, అయ్యగారిని అంత మాటన్నాక... ఇక నావల్ల కాలేదు.”

 ఆవిడ కళ్లు నీళ్లతో నిండాయి.

“ఎంత పని చేశావురా! నీకోసం రాత్రంతా ఆ ఒక్క ముక్కే వల్లె వేసుకుని వచ్చాను గదరా.”

“ఏ ముక్కండీ?”

“మా ఆయన ఇవ్వలేదు, వీడే తాళం పగలగొట్టి దూరాడని.”