అలలు దాటాక

పెళ్లయి పాతికేళ్లయింది, సరదాగా సముద్రంలో కయాక్ తెడ్డుపడవ మీద తిరిగొస్తాం అన్న దంపతులను చూసి రిసార్టు సిబ్బంది ముసిముసిగా నవ్వుకున్నారు.

హజరత్తయ్యది గూడూరు పక్కన నిమ్మతోట. నీళ్లంటే బావి తప్ప తెలియని మనిషి. భార్య వెంకటశేషమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పైన నారింజరంగు లైఫ్ జాకెట్ తగిలించుకుంది.

“ఓనరే మాతో రావాల. ఇంకొకరైతే నాకు భయం,” అంది.

ఓనరు సుశీల్ కుమార్ వచ్చాడు. ఏడాది కిందట ఒకసారి వెంకటశేషమ్మ కోర్టు బయట అతనికి ఎదురుపడి చేతులు జోడించింది. అప్పుడూ అతడు ఆమె ముఖం చూడలేదు. ఇప్పుడూ చూడలేదు.

“ఏం భయంలేదక్కా. ఇది ఏసుకుంటే మునగమన్నా మునగరు.”

పాత జాకెట్‌కే కొత్త రంగు వేయించాడని దాన్ని తగిలించుకునేటప్పుడే ఆమెకు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

ఏడాదిన్నర కిందట ఇదే తీరంలో వినీల అనే ఇరవై ఏళ్ల అమ్మాయి మునిగిపోయింది. ఆమెను నీళ్లలోకి తీసుకెళ్లిన రిసార్టు కుర్రాడు జైలుకు పోయాడు. ఆమె అసలు లైఫ్ జాకెట్టే వేసుకోలేదని సుశీల్ కుమార్ కోర్టులో చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి వెంకటశేషమ్మ కంటికి కునుకు లేదు. పేపర్లో పడ్డ వినీల ఫొటో ఆమె దిండు కింద నలిగిపోయింది. సుశీల్ కుమార్ ఉప్పునీళ్లు మింగుతుంటే కళ్లారా చూడాలి. అదొక్కటే ఆమె కోరిక.

సుశీల్ కుమార్ ఒక కయాక్‌లో, దంపతులు ఇంకొక దానిలో బయలుదేరారు. ఒడ్డు దగ్గరి అలలు దాటేశారు.

“బలే తెడ్డేస్తున్నావే అక్కా! ఎవరు నేర్పినారు?”

“మా ఇంట్లో పిల్లోడే నేర్పినాడు.”

ఒడ్డు మీది మనుషులు చీమల్లా కనిపించేటప్పుడు ఆమె తెడ్డు ఆపింది.

“అబ్బయా, ఈ జాకెట్ నాకు వదులుగా ఉండాది. నీది ఇచ్చి ఇది తీసుకో.”

అతడు తటపటాయించాడు.

“ఏం, ఇది మంచిది కాదా?”

“అయ్యో, మంచిది కాకేం!” నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కయాక్‌ను పక్కకు తెచ్చి జాకెట్ మార్చుకున్నాడు.

అతడు బకిల్ పెట్టుకున్నాడో లేదో, వెంకటశేషమ్మ రెండు చేతులతో అతని కయాక్ అంచు పట్టి బలంగా నొక్కింది. అది తిరగబడింది. హజరత్తయ్య దాన్ని తెడ్డుతో దూరంగా నెట్టేశాడు.

సుశీల్ కుమార్ మునిగి తేలాడు. జాకెట్ నీళ్లు పీల్చుకుని బరువెక్కింది.

“అక్కా! తెడ్డియ్యి! ఇది తేలదు!”

“తేలదని నీకెట్ట తెలుసు?”

“లోపల అంతా పాడైపోయుండాది! తేలదు!”

“ఆ పొద్దు వినీల ఏసుకునిన జాకెట్టో?”

“అదీ ఇట్టాంటిదే!”

“మరి ఏసుకోనేలేదని కోర్టులో చెప్తివే?”

“అబద్ధం! ఏసుకునే ఉండాది! నేనే తీసి దాచేసినా! అక్కా, నీ కాళ్లు మొక్కుతా!”

హజరత్తయ్య మెడలో, ప్లాస్టిక్ కవరులో ఉన్న ఫోను ప్రతి మాటా రికార్డు చేసుకుంది.

అతడు మళ్లీ మునిగాడు. తెడ్డు ఆమె ఒళ్లోనే ఉంది.

“చాల్లే శేషమ్మా. మాట వచ్చేసింది,” అన్నాడు హజరత్తయ్య.

“ఇంకొక్కసారి మునగనీ.”

“వాడు చస్తే మళ్లీ ఆ మాట ఎవురు చెప్తారే?”

నీళ్లపైన అతని వేళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పళ్లు కొరుకుతూ తెడ్డు చాచింది.

కయాక్ తోక పట్టుకుని, దగ్గుతూ, ఉప్పునీళ్లు కక్కుతూ సుశీల్ కుమార్ ఒడ్డుకు చేరాడు. సిబ్బంది పరుగెత్తుకొచ్చారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

వెంకటశేషమ్మ తడిచీరతోనే ఇసకలో కూలబడి, మొగుడి ఫోను తీసుకుని వినీల తల్లికి కలిపింది.

“అమ్మా, మీ బిడ్డకి జాకెట్ తొడిగే నీళ్లలోకి తీసుకుపోయినాడమ్మా, జైల్లో ఉండే నా కొడుకు!”